ఆత్మరక్షణ పేరు చెప్పి కంది జైలు చేరడం ఎలా? జహీరాబాద్ వాసులకు పక్కా చిట్కాలు

కందిలో రెండు పెద్ద గేట్లున్నాయి. ఒకటి ఐఐటీది. దాంట్లోకి పోవాలంటే పిల్లాడు మీసాలు రాకముందే కోచింగులో చేరాలి, జేఈఈ రాయాలి, ర్యాంకు కొట్టాలి. రెండోది సంగారెడ్డి జైలుది. దీనికి చదువు అక్కర్లేదు, పరీక్ష అక్కర్లేదు. పద్దెనిమిదేళ్లు నిండితే చాలు. జహీరాబాద్ నుంచి 65వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని సంగారెడ్డి దాటితే వచ్చేస్తుంది, బండి ఖర్చు కూడా సర్కారుదే. సంగారెడ్డిలో 1796లో కట్టిన పాత జైలును మ్యూజియం చేశాక, ఒక రోజు లోపల గడపాలని సరదా పడినవాళ్ల దగ్గర 2016లో 500 రూపాయలు తీసుకున్నారు. ఒక్క రోజుకు 500! నేను చెప్పే పద్ధతిలో పైసా కట్టకుండా ఏళ్ల తరబడి ఉండొచ్చు.

కావలసినవి మూడే. కొంచెం కోపం, లైసెన్సు లేని ఒక ఆయుధం, నోటినిండా ‘ఆత్మరక్షణ’ అనే మాట. చాలామంది మొదటి రెండూ చక్కగా సమకూర్చుకుని మూడోదాని దగ్గర తప్పటడుగు వేస్తున్నారు. నిజంగానే ఆత్మరక్షణ చేసుకుని, నిర్దోషులుగా బయటపడి, ఇంటికి పోయి మామూలుగా బతుకుతున్నారు. చూస్తే బాధేస్తుంది. మీకు ఆ గతి పట్టకూడదనే ఈ చిట్కాలు.

1. గొడవకు కారణం చిన్నదై ఉండాలి. మన దిక్కున గెట్టు పంచాయితీలకు కొదవలేదు. నిమ్జ్ అనే పారిశ్రామిక వాడ పేరుతో న్యాల్‌కల్, ఝరాసంగం వైపు భూముల ముచ్చట మొదలైన కాడినుంచి జానెడు గెట్టు కోసం కూడా అన్నదమ్ములు మాటలు మానేస్తున్నారు. సర్వేయరుకు దరఖాస్తు పెట్టి కొలిపించుకోవడం, సివిల్ కోర్టు నుంచి ఇంజంక్షన్ తెచ్చుకోవడం ఓపికున్నవాళ్ల పనులు. మీరు ట్రాక్టరు తోలి గెట్టు దున్నేయండి. అవతలివాడు ఇదేందని అడగడానికి వస్తాడు. వచ్చాడు కాబట్టి దాడి, దాడి కాబట్టి ఆత్మరక్షణ. కయ్యానికి కాలు దువ్వింది మీరేనని చుట్టుపక్కల చేన్లవాళ్లంతా చూసేలా జాగ్రత్త పడండి. తనే గొడవ మొదలుపెట్టి తర్వాత ఆత్మరక్షణ అనేవాణ్ని కోర్టు నమ్మదు. మన ప్రయాణంలో మొదటి మజిలీ అదే.

2. ఆయుధం ముందే సంపాదించి పెట్టుకోండి. తుపాకీ లైసెన్సు కావాలంటే కలెక్టరుకు దరఖాస్తు పెట్టాలి. పోలీసు విచారణ జరుగుతుంది. తుపాకీ వాడడం, భద్రంగా దాచడం నేర్చుకున్నట్టు చూపాలి. మీకెందుకు ప్రాణభయమో చెప్పాలి. ఇంత చాకిరీ ఎవరు చేస్తారు? లైసెన్సు లేని తపంచా మీద మనసు పెట్టుకోండి. 1959 నాటి ఆయుధాల చట్టం మన మీద ఎంత దయగా ఉందో చూడండి. లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకుంటే 25వ సెక్షన్ కింద ఒకప్పుడు ఏడాది నుంచి మూడేళ్లు. 2019లో సవరించి, తక్కువలో తక్కువ రెండేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఐదేళ్లు చేశారు. జరిమానా అదనం. కాల్చాల్సిన పనే లేదు, ఎవరినీ బెదిరించక్కర్లేదు, ఉంటే చాలు. తుపాకీ కొనే స్తోమత లేకపోతే నిరాశ పడకండి. ఒట్టి తూటాలకూ అదే సెక్షన్ వర్తిస్తుంది. ఇంత తక్కువ కష్టానికి ఇంత ఖాయమైన ఫలితం ఇచ్చే పని జహీరాబాద్‌లో ఇంకోటి నాకు తెలియదు.

3. ఇంట్లో అందరికీ తెలిసేలా బీరువాలో పెట్టండి. ఇంట్లో ఆయుధం దొరికితే, దాని సంగతి తెలుసని నమ్మడానికి కారణం ఉండి, కాదని నిరూపించుకోలేని ప్రతి ఒక్కరినీ బాధ్యుల్ని చేసే 35వ సెక్షన్ అదే చట్టంలో ఉంది. భార్య, తమ్ముడు, పెద్దాయన అంతా కలిసి వస్తారు. ఒంటరిగా పోవాల్సిన ఖర్మ మీకేంటి?

4. దోస్తు ఇంట్లో దాచి ‘నాది కాదు’ అనే చిట్కా కూడా బాగా పనిచేస్తుంది. వస్తువు ఎవరి చేతిలో ఉన్నా దాని మీద పెత్తనం మీదైతే అది మీ దగ్గర ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 1972లోనే గుణ్వంత్‌లాల్ కేసులో చెప్పింది. దోస్తుకూ సీటు, మీకూ సీటు.

5. అడిగితే ‘కుటుంబ రక్షణ కోసం’ అనండి. ఈ సాకు ఎంత గట్టిదో తెలియాలంటే సంజయ్ దత్ దగ్గరికి పోవాలి. 1993లో బొంబాయి అట్టుడుకుతున్న రోజుల్లో ఆయన ఇంటికి ఏకే 56 చేరింది. ఇంటివాళ్ల ప్రాణాలకు భయపడి పెట్టుకున్నానన్నాడు. తండ్రి సునీల్ దత్ అప్పట్లో పార్లమెంటు సభ్యుడు. దేశంలో పేరున్న వకీళ్లు వాదించారు. టాడా కోర్టు ఉగ్రవాద కుట్ర ఆరోపణ నుంచి విడిచిపెట్టింది గానీ, ఆయుధాల చట్టం మాత్రం వదల్లేదు. 2007లో ఆరేళ్లు వేశారు. 2013 మార్చిలో సుప్రీంకోర్టు ఐదేళ్లకు తగ్గించింది. ఎరవాడ జైలు నుంచి ఆయన బయటికి వచ్చేసరికి 2016 ఫిబ్రవరి. దేశమంతా ఎరిగిన హీరోకు, అంతమంది వకీళ్లకు పనిచేయని సాకు అది. కమాన్ దగ్గర మొబైల్ దుకాణం పెట్టుకున్న మీకు పనిచేస్తుందేమోనన్న భయం అక్కర్లేదు. ధైర్యంగా వాడండి.

6. ఇప్పటికే లైసెన్సు ఉన్న పెద్దమనుషులు ‘మాకు దారి మూసుకుపోయింది’ అని దిగులు పడుతుంటారు. పడకండి. లైసెన్సు అనేది తుపాకీ ఉంచుకోవడానికే గానీ మనిషి మీద పేల్చడానికి కాదు. 2020 డిసెంబరులో ఆదిలాబాద్ తాటిగూడలో పిల్లల క్రికెట్ ఆట దగ్గర మొదలైన గొడవలో, మున్సిపాలిటీ మాజీ వైస్ చైర్మన్ ఒకాయన తన లైసెన్సు రివాల్వరుతో కాల్చాడు. గాయపడినవాళ్లలో ఒకరు చనిపోయారు. 2022 జనవరిలో అక్కడి కోర్టు ఆయనకు యావజ్జీవం వేసింది. పిల్లల ఆట నుంచి యావజ్జీవం దాకా పదమూడు నెలలు! కరోనా కాలంలో కూడా ఇంత తొందరగా పని జరిగింది.

7. తుపాకీ దొరకనివాళ్లకు తల్వార్ ఉంది. ఇక్కడ ఒక్క మాట శ్రద్ధగా వినండి, ఎందుకంటే ఎక్కువమంది ఫెయిలయ్యేది ఇక్కడే. చెరుకు కొట్టే కత్తి, కొడవలి, మామూలు చేతికర్ర లాంటి సేద్యపు, ఇంటి సామానును ఆయుధాల చట్టం ఆయుధంగా లెక్కపెట్టదు. చేనికి పోతూ భుజాన కొడవలి వేసుకుంటే ఎవరూ పట్టుకోరు. కాబట్టి తొమ్మిది అంగుళాలు దాటిన అలుగు, లేదా రెండంగుళాలు దాటిన వెడల్పు ఉన్నది, ఏ పంటకూ పనికిరానిది కొనండి. సెక్షన్ 4 కింద సర్కారు నోటిఫై చేసిన చోట్ల దాన్ని లైసెన్సు లేకుండా ఉంచుకుంటే ఏడాది నుంచి మూడేళ్లు. పోలీసు యాక్టు 30 కింద ఆయుధాలు పట్టుకుని తిరగొద్దని పోలీసులు తరచూ పేపర్లో ప్రకటన ఇస్తుంటారు. ఆ పేపరు మిర్చీ బజ్జీల నూనె తుడవడానికి వాడండి. పట్టుబడితే ‘చెరుకు కొట్టడానికి’ అనండి. తల్వార్‌తో చెరుకు కొట్టేవాణ్ని చూడాలని ఎస్సైకి కూడా ఉంటుంది. మీ చేను ఎక్కడని అడుగుతాడు. మీకు చేను లేదు.

తల్వార్ కొన్నాక పుట్టినరోజు దాకా ఆగండి. రాత్రి పన్నెండింటికి రోడ్డు మధ్యలో బైకు సీటు మీద కేకు పెట్టి తల్వార్‌తో కోయండి. వీడియో తీసి ఇన్‌స్టాలో పెట్టండి. ‘మనతో పెట్టుకుంటే ఖతం’ అని పాట తగిలించండి. రేపు గొడవ జరిగినప్పుడు, ‘ప్రాణభయంతో చేతికి దొరికింది తీసుకున్నాను’ అని మీరు అనబోతుంటే ఆ వీడియో కోర్టులో మీ కంటే ముందే మాట్లాడుతుంది. సాక్షులు మాట మారుస్తారు గానీ రీలు మార్చదు.

సేద్యపు కత్తితోనే సరిపెట్టుకునేవాళ్లకూ నష్టం లేదు. భుజాన ఉన్నంతసేపే అది కొడవలి. మనిషి మీద పడ్డాక ప్రమాదకర ఆయుధం. భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షన్ కింద గాయానికి మూడేళ్ల దాకా, తీవ్రగాయమైతే ఏడాదికి తగ్గకుండా యావజ్జీవం దాకా ఉంది.

8. పగ చల్లారేలోపు కావలసినంత టైం తీసుకోండి. ఈ చిట్కా మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ. పాత ఐపీసీలో 96 నుంచి 106 దాకా ఉన్న ఆత్మరక్షణ సెక్షన్లు, 2024 జూలై 1 నుంచి న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్నాయి. వాటిలో 37వది మన పాలిట వరం. పోలీసుల రక్షణ కోరడానికి వ్యవధి ఉన్నప్పుడు ఆత్మరక్షణ హక్కే లేదని, హక్కు ఉన్నా అవసరమైనంత కంటే ఎక్కువ హాని చేయకూడదని చెబుతుంది. అంటే ఏం చేయాలి? వ్యవధి సృష్టించుకోవాలి.

పొద్దున తొమ్మిదింటికి కూరగాయల మార్కెట్ దగ్గర అల్లం బస్తాల లెక్క మీద తిట్టుకున్నారనుకుందాం. అక్కడే నెట్టుకుంటే, ఒక దెబ్బ తిని ఒక దెబ్బ వేస్తే పని చెడుతుంది. వాడు కొట్టబోతే ఆపుకున్నాడు అని వకీలు వాదిస్తాడు, జడ్జి తలూపుతాడు. మీరు మెల్లగా ఇంటికి రండి. అన్నం తినండి. ఓ గంట పడుకోండి. దారిలో ఠాణా కనిపిస్తే ముఖం అటు తిప్పుకోండి. 100కు ఫోన్ చేస్తే టైముతో సహా రికార్డు పడుతుంది, మీరు రక్షణ కోరారన్న సాక్ష్యం తయారవుతుంది, అలాంటి పొరపాటు అసలే చేయొద్దు. ఆ ఫోనుతో నలుగురు దోస్తులకు చేయండి. ‘సాయంత్రం వాడి సంగతి చూద్దాం’ అని వాయిస్ మెసేజ్ పెట్టండి. మాట తడబడకుండా, పేరు, చోటు, టైము స్పష్టంగా చెప్పండి. ఐదింటికి తల్వార్ తీసుకుని వాడి ఇంటికి పొండి. వాడి ఇంటికే పోవాలి సుమా. ఎనిమిది గంటల వ్యవధి, ముందస్తు పథకం, నలుగురి గుంపు, మీది కాని గడప. ఈ నాలుగూ కుదిరాక ‘ఆత్మరక్షణ’ అని ఎంత గట్టిగా అరిచినా మిమ్మల్ని ఎవరూ వెనక్కి లాగలేరు.

9. ఇప్పుడు దారిలో ఎదురయ్యే గుంటల సంగతి. మన చట్టం నిజంగా ప్రాణం మీదికి వచ్చినవాడి విషయంలో మెత్తగా ఉంటుంది. ఏమరుపాటుగా ఉంటే నిర్దోషి అయిపోతారు. ప్రాణం పోతుందనో, తీవ్రగాయం అవుతుందనో, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి జరుగుతుందనో సహేతుకంగా భయపడిన మనిషి ఎదుటివాణ్ని చంపినా నేరం కాదని 38వ సెక్షన్ అంటుంది. దెబ్బ పడేదాకా ఆగనక్కర్లేదు, భయం పుట్టగానే హక్కు పుడుతుందని 40 అంటుంది. 1950లో కట్నీలో అల్లర్లు జరిగినప్పుడు గుంపు వచ్చి అమ్జద్ ఖాన్ దుకాణం తలుపు బాదింది. పక్కనే సోదరుడి దుకాణం అప్పటికే లూటీ అయింది. ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. ఆయన తుపాకీ పేల్చాడు. ఒకడు చనిపోయాడు. అలాంటి ఘడియలో ఎంత బలం సరిపోతుందో బంగారం తూచినట్టు తూచలేమని సుప్రీంకోర్టు 1952లో ఆయన్ని విడిచిపెట్టింది. 2010లో దర్శన్ సింగ్ కేసులో ఇంకో అడుగు ముందుకేసి, దాడి జరుగుతుంటే పిరికివాడిలా పారిపోవాలని చట్టం అడగదని చెప్పింది.

అందుకే ఎవడైనా మీ తలుపు బాదుతున్నప్పుడు ఈ చిట్కాలు వాడకండి, దండగ. ఎప్పుడూ మీరే పోయి ఎదుటివాడి తలుపు బాదండి.

10. వాడు పారిపోతుంటే తప్పకుండా వెంటపడండి. ప్రమాదం ఉన్నంతసేపే హక్కు. ప్రమాదం వెన్ను చూపగానే హక్కు కూడా పోతుంది. అరవై ఏళ్ల కిందటి జయదేవ్ కేసు మన గెట్టు పంచాయితీల్లాంటి పొలం తగాదాయే. ఎదుటివాళ్లు తోక ముడిచి పరిగెత్తాక కాల్చినదానికి ఆత్మరక్షణ వర్తించదని సుప్రీంకోర్టు తేల్చింది. దెబ్బలన్నీ వీపు మీద, పిక్కల మీద పడేలా చూడండి. పోస్టుమార్టం రిపోర్టు రాసే డాక్టరు మీ తరఫున ఒక్క వాక్యం కూడా రాయలేడు. ఒక దెబ్బతో ఆగకండి, కింద పడ్డవాడికి ఇంకో నాలుగు వేయండి. మధ్యలో మనసు మెత్తబడి ఆపేశారో, ‘హక్కు ఉండి, చెడు ఉద్దేశం లేకుండా, గీత దాటాడు’ అని కేసు హత్య నుంచి హత్య కాని నరహత్యకు దిగజారే ప్రమాదం ఉంది. కొన్నేళ్లు చేజారిపోతాయి.

11. మీకు తగిలిన దెబ్బలు ఎవరికీ చూపించకండి. ఏరియా ఆసుపత్రికి పోతే డాక్టరు మెడికో లీగల్ కేసుగా రాసేస్తాడు. నిందితుడి ఒంటి మీది గాయాలు ఎలా వచ్చాయో పోలీసులు చెప్పలేకపోతే కోర్టు ప్రాసిక్యూషన్ కథనే అనుమానిస్తుంది. మీ ఒంటి మీద నిజమైన సాక్ష్యం ఉంటే పసుపు రాసి, చొక్కా వేసి కప్పేయండి. రెండు రోజులయ్యాక ఎడమ చేతి మీద బ్లేడుతో వరసగా నాలుగు సన్నని గీతలు గీసుకుని అప్పుడు పొండి. అలాంటి గీతలు ఎవరు గీసుకుంటారో ఫోరెన్సిక్ పాఠంలోనే చదువుకున్న డాక్టరు చూడగానే గుర్తుపడతాడు.

12. కత్తిని నారింజ వాగులో పడేయండి. ఆత్మరక్షణ చేసుకున్నవాడు ఆయుధం దాచడు, తెచ్చి ఠాణాలో పెడతాడు. మీరు దాచారు కాబట్టి ఆ వాదం అక్కడే మునిగింది. పైగా సాక్ష్యం మాయం చేసినందుకు 238వ సెక్షన్ అదనంగా వస్తుంది. తర్వాత పోలీసులు అడగ్గానే పంచుల ముందు వాళ్లను వాగు దాకా తీసుకుపోయి, ‘ఇక్కడే వేశాను’ అని వేలు పెట్టి చూపించండి. ఠాణాలో ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదన్న మాట నిజమే. కానీ మీరు చెప్పిన చోట వస్తువు దొరికితే, దాన్ని దొరికించిన మాట వరకు చెల్లుతుంది. ఈ ఒక్క మినహాయింపు కోసమే వాగు అంచున ఓ రాయి గుర్తు పెట్టుకోండి.

13. కథలు మూడు తయారు చేసుకోండి. ఠాణాలో ‘నేను ఆ రోజు బీదర్‌లో ఉన్నాను’ అనండి. కులపెద్దల ముందు ‘వాడే కత్తి మీద పడ్డాడు’ అనండి. కోర్టులో ‘ఆత్మరక్షణ’ అనండి. ఎందుకింత శ్రమ అంటే, ఆత్మరక్షణ అని నిరూపించే భారం సాక్ష్య అధినియమం 108వ సెక్షన్ నిందితుడి మీదే పెట్టింది గానీ, ఆ భారం చాలా తేలిక. అనుమానానికి తావు లేకుండా నిరూపించనక్కర్లేదు, జరిగి ఉండొచ్చు అనిపిస్తే చాలు. అంతకన్నా ఘోరం, నిందితుడు నోరు తెరిచి అడగకపోయినా పోలీసుల సాక్ష్యంలోనే ఆత్మరక్షణ కనిపిస్తే కోర్టు దాన్ని ఇవ్వొచ్చని 1967లో మున్షీరామ్ కేసులో చెప్పారు. అంటే ఊరికే కూర్చున్నా బయటపడే గండం ఉంది! బీదర్‌లో ఉన్నవాడు జహీరాబాద్‌లో ఆత్మరక్షణ చేసుకోలేడు కాబట్టి, మొదటి కథే మిమ్మల్ని కాపాడుతుంది. దాన్ని చివరిదాకా వదలకండి.

14. బార్డర్ దాటండి. కర్ణాటక మనకు కూతవేటు దూరం. చిరాగ్‌పల్లి దాటితే తెలంగాణ పోలీసు పనిచేయడని చిన్నప్పటినుంచి వింటున్నాం, నమ్మడానికి అంతకన్నా ఏం కావాలి? నిజానికి పోలీసులు దేశంలో ఎక్కడికైనా వచ్చి పట్టుకోవచ్చు. మీరు తెచ్చుకున్న ఫోను ప్రతి టవరుకూ మీ రాక చెబుతుంది. ఫోను ఆపకండి, అత్తగారింటికి లొకేషన్ పంపండి. రెండు వారాలు తిరిగి దొరికాక, ‘పరారయ్యాడు, మళ్లీ పరారవుతాడు’ అనే ఒక్క ముక్కతో బెయిలు దరఖాస్తు పక్కకు పోతుంది.

15. వకీలుకు నిజం చెప్పకండి. డబ్బుల్లేవంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది, ఆ గడప తొక్కకండి. బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ సెక్షన్లు చెప్పే పెద్దాయన చాలు. ఆయనకు ఐపీసీ నంబర్లన్నీ నోటికొచ్చు. ఐపీసీ పోయిందన్న కబురు ఇంకా అందలేదు.

16. రాజీకి తొందరపడండి. అవతలివాళ్ల ఇంటికి మనుషుల్ని పంపి, డబ్బు చూపి, వినకపోతే బెదిరించి సాక్ష్యం మార్పించండి. హత్యాయత్నం, ఆయుధాల చట్టం కేసులు ఇద్దరూ చేతులు కలిపినంత మాత్రాన కోర్టులో రాజీ అయ్యేవి కావు. సాక్షిని బెదిరించినందుకు మాత్రం కొత్త ఎఫ్ఐఆర్ అవుతుంది. మొదటి కేసులో బెయిలు వచ్చి ఉంటే అది రద్దు చేయించడానికి ఆ కొత్త కాగితమే సరిపోతుంది.

17. తీర్పు వచ్చాక అప్పీలు ఊసెత్తకండి. సెషన్స్ కోర్టు శిక్ష వేస్తే హైకోర్టుకు పోవడానికి 60 రోజుల గడువుంది. తీర్పు నకలు మీ చేతికి ఉచితంగానే ఇస్తారు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంచుకోండి. ఇంటివాళ్లు ములాకత్‌కు వచ్చి అప్పీలు సంగతి అడిగితే, ‘పై కోర్టులో మనవాడున్నాడు, మాట్లాడుతున్నా’ అనండి. జైలులోనే అప్పీలు కాగితాలు రాసి పంపిస్తామని సూపరింటెండెంట్ మనుషులు అడుగుతారు, వాళ్లకూ అదే చెప్పండి. 61వ రోజున కాగితం విప్పి, గడువు ఎప్పటిదాకా ఉందో ఎవరినైనా అడగండి.